కన్నవారి కన్ను

తెలుగులో ‘కను’ అనే క్రియకు రెండర్థాలున్నాయి. చూడటం ఒకటి, బిడ్డకు జన్మనివ్వడం మరొకటి. తల్లిదండ్రులను మనం ‘కన్నవారు’ అంటాం. జన్మనిచ్చినవారు అన్నది వాడుకలోని అర్థం. చూచినవారు అని కూడా ఆ మాటకు అర్థం చెప్పుకోవచ్చు. బిడ్డను అందరికంటె ముందుగా, అందరికంటె ఎక్కువగా చూచేవారు వారే కదా! తమ పిల్లల ఛాయాచిత్రాలను తామే తీసుకొనే అభిరుచిని గురించి ఆలోచించినప్పుడల్లా ఈ రెండర్థాలూ ఒకచోట కలుస్తున్నట్లు నాకు తోస్తుంది.

అభిరుచులను పేర్కొనవలసి వచ్చినప్పుడు మన పెద్దలు తోటపనిని, సంగీతాన్ని, గ్రంథపఠనాన్ని, తపాలా బిళ్ళల సేకరణను చెబుతారు. సొంత పిల్లల ఫొటోలు తీసుకోవడాన్ని ఆ వరుసలో చేర్చేవారు అరుదు. అది మమకారమే తప్ప కళ కాదని కొందరి అభిప్రాయం. ‘కాకిపిల్ల కాకికి ముద్దు’ అని నవ్వి ఊరుకొనేవారు మరికొందరు. ఈ చిన్నచూపుతో నేను ఏకీభవించలేను. కొద్దిపాటి ఖర్చుతో, ఇంటి వసారాలోనే సాగించదగిన ఉత్తమమైన అభిరుచులలో ఇదొకటని నా నమ్మకం. అయితే ఆ చిత్రాన్ని ఎవరి కోసం తీస్తున్నామో తీసేవారికి స్పష్టంగా తెలిసి ఉండాలి. దాని అసలు హక్కుదారు ఇంకా పెద్దవాడు కాలేదు. ఇరవై ఏళ్ల తరువాత తన బాల్యాన్ని తాను చూచుకోవాలనుకొనే ఆ మనిషి కోసమే తల్లిగాని తండ్రిగాని ఇప్పుడు కెమెరా పట్టుకోవాలి. ఈ ఎరుక ఉన్నచోట అభిరుచి గౌరవాన్ని పొందుతుంది. లేనిచోట అది ప్రదర్శనగా మారుతుంది.

ఛాయాచిత్రకళ పుట్టిననాడు ఈ అభిరుచికి చోటే లేదు. 1839లో ఫ్రాన్సు దేశంలో డాగెర్ పద్ధతి లోకానికి వెల్లడైనప్పుడు ఒక్క చిత్రం పడటానికి నిమిషాల కొద్దీ కాలం పట్టేది. పెద్దలకే కష్టమైన ఆ నిశ్చలత పసిపిల్లలకు ఎలా సాధ్యమవుతుంది? తరువాతి దశాబ్దాలలో ఆ సమయం తగ్గినా పసివారి కదలికకు అది సరిపోలేదు. అందువల్ల ఐరోపా, అమెరికా దేశాల స్టూడియోలలో ఒక వింత ఉపాయం వాడుకలోకి వచ్చింది. తల్లి నిలువెల్లా ముసుగు కప్పుకొని, కుర్చీ వలె కూర్చుండి, ఒడిలో బిడ్డను కదలకుండా పట్టుకొనేది. చిత్రంలో బిడ్డ స్పష్టంగా కనిపిస్తుంది. తల్లి ఉండవలసినచోట గుడ్డలు కప్పిన ఒక ఆకారం మాత్రం కనిపిస్తుంది. అలాంటి చిత్రాలు నేటికీ ఎన్నో మిగిలి ఉన్నాయి. వాటిని చూచి నవ్వుకోవచ్చు. కాని మన ఇళ్ళలోని ఆల్బములను తిరగవేసినా ఇదే సంగతి మరొక రూపంలో కనిపిస్తుంది. ఎప్పుడూ కెమెరా పట్టుకొనే మనిషి ఏ చిత్రంలోనూ ఉండడు.

మన హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో జనానా స్టూడియోను నెలకొల్పాడు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు, పిల్లలు అక్కడ ఫొటో దిగేవారు. చిత్రాలు తీసేవారు కూడా స్త్రీలే కావడం ఆనాటికి విశేషం. అయినా అది శ్రీమంతులకు మాత్రమే దక్కిన సౌకర్యం. సామాన్యుని చేతికి కెమెరా రావడానికి ఈస్ట్‌మన్ అనే అమెరికన్ కారకుడు. ఆయన 1888లో నూరు చిత్రాలకు సరిపడే ఫిలిం నింపిన కొడాక్ పెట్టెను 25 డాలర్లకు విక్రయించాడు. ఫిలిం పూర్తయిన తరువాత పెట్టెను కర్మాగారానికి పంపితే చిత్రాలు కడిగి, కొత్త ఫిలిం నింపి తిరిగి పంపేవారు. 1900లో ఒక్క డాలరుకు లభించిన బ్రౌనీ కెమెరాను పిల్లలే వాడాలన్న ఉద్దేశంతో తయారుచేశారు. పిల్లల ఫొటోలు తీసే పెద్దలు అప్పుడప్పుడు కెమెరాను ఆ పిల్లల చేతికే ఇవ్వడం మంచిదని నేను అనడానికి ఇది కూడా ఒక కారణం. మూడడుగుల ఎత్తునుంచి ఇల్లు ఎలా కనిపిస్తుందో, అమ్మ ముఖం ఎలా కనిపిస్తుందో వాళ్ళు తీసిన చిత్రాలే చెబుతాయి.

మన దేశంలో ఈ అభిరుచిని జీవితాంతం సాగించినవారిలో ఉమ్రావ్‌సింగ్ షేర్‌గిల్ ప్రత్యేకంగా పేర్కొనదగినవాడు. ఆయన పంజాబుకు చెందిన సంపన్నుడు, సంస్కృత పారశీక భాషలలో పండితుడు. ఫొటోలు తీయడం ఆయనకు వృత్తి కాదు. 1913లో బుడాపెస్టు నగరంలో ఆయనకు పెద్ద కుమార్తె పుట్టింది. మరుసటి సంవత్సరం రెండవ కుమార్తె కలిగింది. ఆ పిల్లలు వేషాలు వేసుకొని ఆడుకోవడం, పుస్తకాలు చదవడం, పియానో ముందు కూర్చోవడం, తల్లి పక్కన నిలబడటం ఏళ్ల తరబడి ఆయన చిత్రాలకు వస్తువులైనాయి. ఆ పెద్ద కుమార్తెయే ప్రఖ్యాత చిత్రకారిణి అమృతా షేర్‌గిల్. ఆమె 1941లో ఇరవై ఎనిమిదేళ్ల ప్రాయంలో మరణించింది. తండ్రి 1954 వరకు జీవించాడు. ఆయన తీసిన చిత్రాల ఆధారంగానే మనుమడైన వివాన్ సుందరం 2001 ప్రాంతంలో పాత ఫొటోలను కంప్యూటరు సాయంతో కలిపి కొత్త చిత్రమాలికను రూపొందించాడు.

ఇందులో మనం గమనించవలసింది ఆమె కీర్తిని కాదు. చిన్నారి అమృతను కెమెరా ముందు నిలిపిననాడు ఆమె ఏమి కాబోతున్నదో తండ్రికి తెలియదు. తన బిడ్డ కాబట్టి ఆమెను చూచాడు. ఆ చూపులో ఓపిక ఉంది కాబట్టి చిత్రాలు నిలిచాయి.

ఇక మన ప్రాంతానికి వద్దాం. పాఖాల చెరువు దాటి, కొత్తగూడ మీదుగా అడవి దారిలో వెళితే గంగారం వస్తుంది. 2016లో మహబూబాబాద్ జిల్లా ఏర్పడినప్పుడు అది మండల కేంద్రమైంది. కోయలు ఎక్కువగా నివసించే ఈ అడవి పల్లెలలో నిన్నమొన్నటి వరకు కెమెరా అంటే బయటివారి వస్తువు. ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940వ దశకంలో హైదరాబాదు రాజ్యంలోని చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య నివసించి, వారి జీవితాన్ని విస్తారంగా చిత్రించాడు. ఆ చిత్రాలు నేడు లండన్ నగరంలోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆయన కృషి విలువైనదే, సందేహం లేదు. అయితే అటువంటి చిత్రాల కింద సాధారణంగా తెగ పేరు ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది. చంకలోని బిడ్డను ఇంట్లో ఏమని పిలిచేవారో ఉండదు. ఆ బిడ్డ అంతకుముందు రాత్రి ఎందుకు ఏడ్చిందో తీసినవానికి తెలియదు. వరంగల్‌లో పుట్టి 2022లో కన్నుమూసిన భరత్ భూషణ్ వంటివారు తెలంగాణ పల్లె గడపలను, బతుకమ్మ ఆడే స్త్రీలను లోపలి మనిషి చూపుతో చిత్రించారు. ఎంత దగ్గరి మనిషి అయినా, ఎంత నిపుణుడైనా, ఒక తల్లి తన బిడ్డను ఏ క్షణంలో చూస్తుందో ఆ క్షణంలో అక్కడ ఉండలేడు. ఈ అభిరుచి బలమంతా ఇక్కడే ఉంది.

మీలో చాలామంది తాతయ్యలకు, అమ్మమ్మలకు చిన్ననాటి చిత్రం ఒక్కటైనా ఉండకపోవచ్చు. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని, పసిబిడ్డకు దిష్టి తగులుతుందని ఒకప్పుడు భయపడేవారు. ఆ భయం తగ్గిన తరువాత పేదరికం అడ్డు వచ్చింది. పెళ్ళికో, పట్నం ప్రయాణానికో స్టూడియోకు వెళ్ళి, రంగుల తెర ముందు బిగుసుకొని నిలబడి దిగిన ఒక్క ఫొటో గోడమీద ఏళ్ల తరబడి వేలాడేది. చాలామంది ముసలివారికి గుర్తింపు కార్డు మీది చిత్రమే మొదటి చిత్రం. తన మూడేళ్ల ముఖం ఎలా ఉండేదో ఒక మనిషి జన్మలో చూడలేకపోవడం చిన్న లోటేమీ కాదు. సంపన్నుల ఇళ్ళలో తరతరాల ముఖాలు గోడలకు ఎక్కాయి. కష్టజీవుల బాల్యం వారి తల్లుల జ్ఞాపకంలో మాత్రమే నిలిచి, ఆ తల్లులతోనే పోయింది.

రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతర ఈ లోటును కొంత పూరించేది. గంగారం మండలంలోని పూనుగొండ్ల నుంచే సమ్మక్క భర్త పగిడిద్దరాజు ఆ జాతరకు తరలివెళతాడు. అక్కడ పిల్లల పుట్టువెంట్రుకలు తీయిస్తారు. బిడ్డను తక్కెడలో కూర్చోబెట్టి, ఎత్తు బెల్లాన్ని ‘బంగారం’గా అమ్మవార్లకు సమర్పిస్తారు. అప్పుడే గుండు చేయించుకున్న పసివాడు తక్కెడలో బిక్కమొహం వేసుకొని కూర్చున్న ఫొటో ఎన్నో ఇళ్ళలో ఉంది. నాకు అటువంటి చిత్రమంటే ఇష్టం. అందులో మొక్కు ఉంది, ఖర్చు ఉంది, బిడ్డ బతకాలన్న ఆరాటం ఉంది. కాని అది పండుగనాటి ముఖం. మిగిలిన ఏడువందల రోజులలో ఆ పిల్లవాడు ఎలా ఉండేవాడో ఆ ఒక్క చిత్రం చెప్పలేదు.

ఫిలిం ఉన్న రోజుల్లో ఒక రీలుకు ముప్పయి ఆరు చిత్రాలు వచ్చేవి. (నేటి విద్యార్థులకు రీలు అనగానే వేరొకటి గుర్తుకు రావచ్చు!) రీలు కొనాలి, కడిగించాలి, ప్రింట్లు వేయించాలి. అన్నిటికీ డబ్బే. అందువల్ల ప్రతి చిత్రాన్నీ ఆచితూచి తీసేవారు. డిజిటల్ పద్ధతి వచ్చిన తరువాత ఆ లెక్క పోయింది. ఈ మార్పు చరిత్రలో ఒక ముచ్చటైన విషయం ఉంది. కంప్యూటరులోకి ఎక్కించిన మొట్టమొదటి ఛాయాచిత్రం ఒక తండ్రి ఎంచుకున్న తన బిడ్డ చిత్రం. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే శాస్త్రవేత్త తాను తయారుచేసిన స్కానరును పరీక్షించడానికి మూడు నెలల వయసున్న తన కుమారుని ఫొటోను వాడాడు. అడ్డంగా 176, నిలువుగా 176 చుక్కలతో ఏర్పడిన మసక చిత్రమది. ఆ తరువాత నలభై ఏళ్లకు, 1997 జూన్ 11న, ఫిలిప్ కాన్ అనే ఇంజనీరు భార్య ప్రసవించే సమయంలో ఆసుపత్రిలోనే ఒక డిజిటల్ కెమెరాను, సెల్‌ఫోనును, చిన్న కంప్యూటరును తీగలతో కలిపి, అప్పుడే పుట్టిన కుమార్తె చిత్రాన్ని రెండువేల మందికి పైగా బంధుమిత్రులకు, పరిచితులకు పంపించాడు. సెల్‌ఫోను ద్వారా పంపిన తొలి చిత్రంగా దానిని చెబుతారు. ఇంతటి యంత్రవిప్లవానికి ప్రేరణ చూడబోతే ‘మా పాప పుట్టింది చూడండి’ అనే పాతకాలపు సంబరమే!

ఆ సంబరాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అయినా పుట్టిన వెంటనే రెండువేలమంది కళ్ళ ముందుకు వెళ్ళిన ఆ పాపను తలచుకుంటే నేటి పరిస్థితి అంతా అప్పుడే మొదలైందనిపిస్తుంది. ఇప్పుడు గంగారంలోని కూలి కుటుంబంలో కూడా ఒక సెల్‌ఫోను ఉంటుంది. ఇది నిజంగా గొప్ప మార్పు. అడవి పల్లెలోని తల్లి తన బిడ్డను తన చేత్తో చిత్రించగలగడం చరిత్రలో ఇదే మొదటిసారి. బయటివారు వచ్చి తీయాలన్న ఎదురుచూపు లేదు. చేతికందిన ఈ సాధనాన్ని ఎలా వాడుకుంటున్నామన్నదే ప్రశ్న.

ఒకే భంగిమను ఇరవైసార్లు నొక్కడం వల్ల ఆనందం ఇరవై రెట్లు పెరగదు. చిత్రం తీయడంలోని అసలు ఆనందం ఎదురుచూడటంలో ఉంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. పెద్దలతోపాటు పిల్లలు కూడా గంపలు తీసుకొని చెట్ల కిందికి వెళతారు. ఆ వేళ వెలుతురు ఏటవాలుగా, మెత్తగా ఉంటుంది. పూలు ఏరుతూ ఒకటి నోట్లో వేసుకొనే పిల్లను ‘ఇటు చూడు, నవ్వు’ అని పిలవకూడదు. పిలిస్తే ఆ పిల్ల మాయమై, ఫొటోకు నవ్వే మరొక పిల్ల వస్తుంది. తీసేవారు మోకాళ్ళమీద కూర్చోవాలి. పిల్లల కళ్ళకు సమానమైన ఎత్తులో కెమెరా ఉంటే పెద్దల లోకం కిందికి దిగివచ్చినట్లుంటుంది. పైనుంచి తీసిన చిత్రంలో నెత్తి తప్ప ఏమీ కనిపించదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కళ్ళ కింద నీడలు పడతాయి కనుక వసారా నీడ మేలు, తలుపు దగ్గరి వెలుగు మరీ మేలు. వెనుక ఏముందో ఒకసారి చూచుకోవాలి. నిజానికి ఇరవై ఏళ్ల తరువాత ఆ పిల్లలు ముందుగా వెతికేది వెనుకనున్న వాటినే. మట్టిగోడ, దండెం మీది చీర, అప్పటికింకా బతికున్న ఆవు, మూలన మంచం మీద తాత!

ఈ నేర్పు పెరుగుతున్న కొద్దీ తల్లిదండ్రులకు తమ బిడ్డ కొత్తగా కనిపిస్తుంది. అబద్ధమాడేటప్పుడు కాలి బొటనవేలితో నేలమీద గీయడం, ఆలోచించేటప్పుడు జడకొసను నోట్లో పెట్టుకోవడం, అన్న వెనుక దాగి తొంగిచూడటం వంటివి రోజూ కళ్ళముందే జరుగుతున్నా, చిత్రం కోసం కాచుకున్నవారికే పట్టుబడతాయి.

కెమెరా కన్ను అడ్డుపడి కన్నవారి కన్ను మూతపడుతుందని ఆక్షేపించేవారున్నారు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. లిండా హెంకెల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన పరిశోధనలో, మ్యూజియంలో ఫొటోలు తీసుకున్న వస్తువులను విద్యార్థులు ఊరక చూచిన వస్తువులంత బాగా గుర్తుంచుకోలేకపోయారని తేలింది. యంత్రం గుర్తుంచుకుంటుందన్న భరోసాతో మనసు తన పని మానేస్తుందన్నమాట. అయితే అదే పరిశోధనలో, వస్తువులోని ఒక భాగాన్ని దగ్గరగా చూపే చిత్రం తీసినప్పుడు జ్ఞాపకశక్తికి ఆ నష్టం కలగలేదు. శ్రద్ధగా చూచి తీయడానికి, నొక్కి పక్కన పెట్టడానికి తేడా ఉందని దీనివల్ల తెలుస్తున్నది. బిడ్డ మొదటి అడుగులు వేస్తూ చేతులు చాచి వస్తుంటే ఫోనును కింద పడేసి ఎత్తుకోవడమే న్యాయం. ఆ చిత్రం లేకపోయినా ఫరవాలేదు. ఆ సంగతి తల్లి నోటితో చెబుతుంది.

అన్నిటికంటె గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది. బిడ్డ చిత్రం తల్లిదండ్రుల సొత్తు కాదు. స్నానం చేసేటప్పటి చిత్రం, ఏడుస్తున్నప్పటి ముఖం, పరీక్షలో తప్పి తలదించుకున్న దృశ్యం, దెబ్బలు తిన్న చెంప వంటివి నలుగురికీ పంపి నవ్వించడం నేడు వినోదంగా చలామణి అవుతున్నది. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని పదహారవ అధికరణం పిల్లల ఏకాంతానికి, గౌరవానికి రక్షణ ఉండాలని చెబుతున్నది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికను అంగీకరించింది. ఫ్రాన్సు దేశం మరొక అడుగు ముందుకు వేసి, పిల్లల చిత్రం విషయంలో వారి హక్కును తల్లిదండ్రులు కాపాడాలని, వయసుకు తగినట్లు పిల్లల అభిప్రాయాన్ని కూడా తీసుకోవాలని 2024లో చట్టం చేసింది. మన ఇళ్ళలో దీనికి చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఆరేళ్ల పిల్లవాడు ‘వద్దు’ అంటే ఫోను దించాలి. ‘ఇది ఎవరికీ చూపించకు’ అంటే చూపకూడదు. ఇంటి గోడమీద ఉండవలసినదానిని ఊరి చావడిలో వేలాడదీయడం వాత్సల్యం అనిపించుకోదు. తమ్ముళ్ళ, చెల్లెళ్ళ చిత్రాలు తీసే మీకు కూడా ఈ నియమం వర్తిస్తుంది. మీరు కూడా నిన్నటివరకు ఆ చిత్రాలలోని పిల్లలే కనుక ఆ ఇబ్బంది మీకే బాగా తెలుసు.

ఇంకొక చిక్కు భద్రపరచడంలో ఉంది. స్టూడియోలో దిగిన నలుపు తెలుపు చిత్రం అరవై ఏళ్లు గోడమీద పొగచూరినా నిలిచింది. సెల్‌ఫోను వానలో తడిస్తే, బస్సులో పోతే, పాడై మూలపడితే అందులోని బాల్యమంతా దానితోపాటే పోతుంది. వేలకొద్దీ చిత్రాలున్న ఫోనులో కావలసినదాన్ని వెతకడం గడ్డివాములో సూదిని వెతకడమే. అందుకే ఏడాదికొకసారి, సంక్రాంతికో బడులు మూసిన తరువాతో, ఇంటిల్లిపాది కూర్చొని పన్నెండు చిత్రాలను ఎంచుకోవడం మంచి పద్ధతి అంటాను. ఎంచుకొనేటప్పుడు పిల్లల మాట కూడా చెల్లాలి. అమ్మకు నచ్చినదాన్ని కూతురు తీసేయమనవచ్చు. అందరూ మసకగా వచ్చిందన్న చిత్రాన్ని కొడుకు పట్టుబట్టి ఉంచుకోవచ్చు. ఎంచుకున్నవాటిని పట్నంలో ప్రింట్లు వేయించి, చెదలు, చెమ్మ తగలని చోట దాచాలి. ఫోనులోని మిగతా చిత్రాలకు మరొకచోట ఒక ప్రతి ఉంచితే చాలు.

ప్రింటు వెనుక మెత్తని పెన్సిలుతో నాలుగు మాటలు రాసిపెట్టాలి. పేరు, ఊరు, తేదీ రాయడం అందరికీ తెలిసిందే. అవి మాత్రమే రాస్తే మానవశాస్త్రవేత్త రాసుకున్నదానికి, తల్లి రాసినదానికి భేదం ఉండదు. ఆ పూట ఏమి జరిగిందో కూడా రాయాలి. ముందటి పన్ను ఊడిన మరునాడు, కొత్త చెప్పులు కావాలని అలిగి గడపమీద కూర్చున్నప్పుడు, వాగు పొంగి బడికి సెలవిచ్చిన రోజు, మీ నాన్న తీశాడు.